తలుపు తీసి చూశాకే కోడ్ రాయండి

అనంతపురం పల్లెల్లో బోరున్న పొలానికి వెళ్తే ఒక ఇనుప డబ్బా కనిపిస్తుంది. త్రీఫేజ్ కరెంటు రాగానే రైతు దాని తలుపు తీసి పచ్చ బటన్ నొక్కుతాడు. లోపల ఎంసీబీ, కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే ఉంటాయి. ఒక ఫేజు పోతే మోటారు కాలిపోకుండా ఆపే ప్రివెంటర్ ఉంటుంది. తలుపు మీద వోల్టు మీటరు, ఆంపియర్ మీటరు. ఊళ్లో దాన్ని స్టార్టర్ డబ్బా అంటారు, పానల్ బోర్డు అంటారు. అలాంటి డబ్బానే ఓడెక్కి విదేశం నుంచి వస్తే కస్టమ్స్ కాగితాల మీద దాని కోడ్ 8537తో మొదలవుతుంది.

ఆ అంకెలు ఎందుకు వచ్చాయో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగిన మనిషి కోసం మన ప్రాంతంలో కంపెనీలు చూస్తున్నాయి. ఈ అధ్యాయం చివరికి వచ్చేసరికి ఆ నాలుగు వాక్యాలు మీరే రాయగలగాలి.

ఈ విద్య మన నేలకెందుకు?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే మెట్ట ఇది. వాన తక్కువైన చోట ఎండా గాలీ పుష్కలం. రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. నంబులపూలకుంటలో సోలార్ పార్కు వచ్చింది, తాడిపత్రి మండలం తలారిచెరువులో మరొకటి వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019 డిసెంబరు 5న అధికారికంగా ప్రారంభమైంది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. శ్రీశైలం వెనక జలాలను మెట్ట మీదికి ఎత్తిపోసే హంద్రీ-నీవా పంపుహౌసులు సరేసరి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయి వీటిలో కొన్ని శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, అంతే తేడా.

వీటన్నిటికీ కరెంటును పంచే పానళ్లు, యంత్రాలను నడిపే కంట్రోల్ క్యాబినెట్లు కావాలి. కొన్ని బెంగళూరులో, హైదరాబాదులో తయారవుతాయి. కొన్ని కొరియా నుంచో, చైనా నుంచో, జర్మనీ నుంచో వస్తాయి. బరువైనవి ఓడరేవులో దిగుతాయి, లైన్ ఆగిపోయినప్పుడు అర్జెంటుగా తెప్పించే స్పేర్లు బెంగళూరు విమానాశ్రయంలో దిగుతాయి. ఎక్కడ దిగినా కోడ్ తప్పయితే సరుకు అక్కడే ఆగుతుంది.

కామర్స్ చదివి కొనుగోలు విభాగంలో చేరినవారికి టారిఫ్ పుస్తకం అలవాటవుతుంది, డ్రాయింగు మాత్రం అర్థం కాదు. పాలిటెక్నిక్‌లోనో జేఎన్‌టీయూలోనో ఎలక్ట్రికల్ చదివినవారు సింగిల్ లైన్ డయాగ్రమ్ చూసి పానల్ గుట్టు విప్పేస్తారు, టారిఫ్ పుస్తకం మాత్రం ముట్టరు. రెంటినీ చదవగలిగినవారు అరుదు. ఆ అరుదైన మనిషి మీరు కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సరైన ప్రశ్నలను సరైన వరుసలో అడిగే అలవాటు చాలు.

ముందు మెట్లు తెలుసుకోండి

ప్రపంచ కస్టమ్స్ సంస్థ బ్రస్సెల్స్‌లో ఉంది. అది నడిపే హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో మొదటి ఆరంకెలు సభ్యదేశాలన్నిటికీ ఒకటే. మన దేశం ఇంకో రెండంకెలు చేర్చి ఎనిమిది చేసింది. ఆ పట్టిక 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూలులో ఉంటుంది.

పట్టికను ఎలా చదవాలో చెప్పే సూత్రాలు ఆరున్నాయి. మొదటిదే అన్నిటికన్నా బలమైనది: హెడింగులో ఉన్న మాటలు, ఆ సెక్షన్‌కూ అధ్యాయానికీ ఉన్న నోట్సు ఏం చెబితే అదే తీర్పు. అధ్యాయాల పేర్లు దారి చూపే బోర్డుల వంటివే, వాటికి చట్టబలం లేదు. సరఫరాదారు ఇన్వాయిస్ మీద వేసిన కోడ్‌కూ, పోయినేడు మన కంపెనీ వాడిన కోడ్‌కూ, ఇంటర్నెట్లో దొరికిన కోడ్‌కూ ఆ సూత్రాల్లో చోటు లేదు.

8537 హెడింగు సారాంశం ఇది: 8535 లేదా 8536 హెడింగుల్లోకి వచ్చే పరికరాలు రెండో అంతకన్నా ఎక్కువో అమర్చి, విద్యుత్తును నియంత్రించడానికి గానీ పంచడానికి గానీ పనికొచ్చే బోర్డులు, పానళ్లు, కన్సోళ్లు, డెస్కులు, క్యాబినెట్లు. వాటిలో 90వ అధ్యాయపు మీటర్లు ఉన్నా ఫరవాలేదు. సీఎన్‌సీ వంటి న్యూమరికల్ కంట్రోల్ పరికరాలూ ఇందులోకే వస్తాయి. టెలిఫోను స్విచింగ్ సామగ్రి మాత్రం 8517కి పోతుంది.

ఇప్పుడు రైతు డబ్బాను దీనితో పోల్చండి. ఎంసీబీ, కాంటాక్టర్, రిలే 8536 పరికరాలు, రెంటికి మించే ఉన్నాయి. మీటర్లు 90వ అధ్యాయానివి, వాటికి అనుమతి ఉంది. పని మోటారును నియంత్రించడం. హెడింగులోని ఒక్కో షరతుకూ డబ్బాలోని ఒక్కో వస్తువు జవాబు చెప్పింది. ఎంత పెద్ద పానల్ వచ్చినా చేయవలసింది ఈ సరిచూపే.

నాలుగు ప్రశ్నలు, ఇదే వరుసలో

మొదటి ప్రశ్న: లోపల ఏమున్నాయి?

ఖాళీ ఉక్కు క్యాబినెట్ వచ్చిందనుకోండి. తలుపు, తాళం, లోపల పట్టీలు ఉన్నాయి గానీ స్విచ్చులు లేవు. అది 8538 10. విడి బ్రేకరో విడి కాంటాక్టరో వస్తే వోల్టేజిని బట్టి 8535 లేదా 8536. రెండు స్విచ్చులూ ఒక కనెక్టరూ కలిపిన చిన్న జోడింపుల్ని కూడా ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణలు 8535, 8536లోనే ఉంచాయి. పరికరాలు బిగించి నియంత్రించే పనికో పంచే పనికో సిద్ధంగా ఉన్నప్పుడే అది 8537 అవుతుంది.

రెండో ప్రశ్న: దాని ముఖ్యమైన పని ఏమిటి?

బయటికి అన్నీ బూడిదరంగు క్యాబినెట్లే. సోలార్ ఇన్వర్టర్‌లోనూ బ్రేకర్లు ఉంటాయి, తెర ఉంటుంది, కార్డులు ఉంటాయి. కానీ దాని పని డీసీని ఏసీగా మార్చడం. కనుక అది స్టాటిక్ కన్వర్టర్, 8504 40. మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ కూడా అక్కడికే వెళ్తుంది. సోలార్ పంపుసెట్టుతో వచ్చే కంట్రోలర్‌లో అసలు భాగం ఇలాంటి డ్రైవే అయితే, పేరు కంట్రోలర్ అయినంత మాత్రాన 8537 కాదు.

ఎక్కువ తగవులు 9032 దగ్గర వస్తాయి. స్వయంచాలకంగా ఒక విలువను నిలబెట్టే పరికరాల హెడింగు అది. తొట్టిలో నీటి మట్టాన్ని ఎప్పటికప్పుడు కొలవాలి, కావలసిన మట్టంతో పోల్చాలి, తేడా వస్తే పంపునో వాల్వునో కదిలించాలి. కొలిచేది, పోల్చేది, కదిలించేది అన్న మూడూ ఒకే వస్తువుగానో ఒకే జట్టుగానో వస్తే 9032 గురించి ఆలోచించాలి. సెన్సరూ వాల్వూ లేకుండా పీఎల్‌సీ ఒక్కటే వస్తే అది 8537. ప్రోగ్రామబుల్ కంట్రోలర్లు ఈ హెడింగులోకే వస్తాయని వివరణల్లో స్పష్టంగానే ఉంది.

మూడో ప్రశ్న: ఒంటరిగా వచ్చిందా, యంత్రంతో కలిసి వచ్చిందా?

84, 85 అధ్యాయాలున్న పదహారో సెక్షన్ నాలుగో నోటు ప్రకారం, వేరువేరు భాగాలు కేబుళ్లతోనో పైపులతోనో కలిసి ఆ అధ్యాయాల్లో పేర్కొన్న ఒకే స్పష్టమైన పని చేస్తుంటే మొత్తాన్ని ఆ పని హెడింగులోనే వేయాలి. వెల్డింగు రోబో తన కంట్రోలర్ క్యాబినెట్‌తో కలిసి వస్తే క్యాబినెట్‌కు వేరే కోడ్ అక్కర్లేదు, రోబో కోడే దానిదీ. ఆర్నెల్ల తర్వాత ఆ క్యాబినెట్ కాలిపోయి ఒక్కటే స్పేరుగా విమానంలో వస్తే దాని కోడ్ అది చూసుకోవాలి.

ఈ రెండో సందర్భంలో చాలామంది తడబడతారు. గాలిమర టవరు అడుగున ఉండే కంట్రోల్ పానల్ విడిగా వస్తే, గాలిమర భాగమే కదా అని 8503 వేస్తారు. అదే సెక్షన్ రెండో నోటు దీనికి అడ్డు చెబుతుంది. భాగమనుకున్న వస్తువుకు 84, 85 అధ్యాయాల్లో సొంత హెడింగు ఉంటే, నోటులో మినహాయించిన కొన్ని హెడింగులు తప్ప, అది ఎక్కడ బిగించేదైనా సొంత హెడింగుకే వెళ్లాలి. 8537 ఆ మినహాయింపుల్లో లేదు. కనుక పానల్ 8537. దాని పక్కనే అచ్చం అలాగే నిలబడే కన్వర్టర్ క్యాబినెట్ రెండో ప్రశ్న ప్రకారం 8504 40.

పొడవాటి స్విచ్‌బోర్డులు లారీలో పట్టక మూడు నాలుగు ముక్కలుగా వస్తాయి, సైటులో బోల్టులు బిగించి కలుపుతారు. ఆ ముక్కల్ని భాగాలుగా రాయకండి. విడదీసి తెచ్చిన వస్తువును పూర్తి వస్తువుగానే చూడమని 2(ఎ) సూత్రం చెబుతుంది.

నాలుగో ప్రశ్న: ఎన్ని వోల్టులు?

8537 10 అంటే 1000 వోల్టులు మించనివి, 8537 20 అంటే మించినవి. సరిగ్గా 1000 ఉంటే మించనట్టే లెక్క. వినడానికి సులువే గానీ ఇక్కడ రెండు గోతులున్నాయి, రెండూ మన సోలార్ పార్కుల్లోనే ఉన్నాయి.

మొదటిది ఇంజనీర్లు పడే గొయ్యి. విద్యుత్ ప్రమాణాల్లో ఏసీకి 1000 వోల్టుల దాకా, డీసీకి 1500 వోల్టుల దాకా లో వోల్టేజి అంటారు. కస్టమ్స్ టారిఫ్‌లో ఏసీ, డీసీ తేడా లేదు, గీత 1000 దగ్గరే. పాత సోలార్ ప్లాంట్ల 1000 వోల్టుల కంబైనర్ బాక్సు 8537 10లో ఉండగా, కొత్త ప్లాంట్ల 1500 వోల్టుల బాక్సు 8537 20కి మారిపోతుంది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. నేమ్‌ప్లేటు చదివినవారికే తేడా తెలుస్తుంది.

రెండో గోతిలో కామర్స్‌వారు పడతారు. 33 కేవీ ఫీడరుకు చెందిన కంట్రోల్ అండ్ రిలే పానల్ అని ఇన్వాయిస్ మీద చూడగానే హై వోల్టేజి అనేస్తారు. కాని ఆ పానల్లోకి 33 కేవీ రానే రాదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు, పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్లు తగ్గించి పంపే చిన్న సంకేతాలు, 110 వోల్టుల డీసీ సప్లై మాత్రమే వస్తాయి. పానల్లోని పరికరాలు ఏ వోల్టేజిలో పనిచేస్తాయో అదే చూడాలి. కనుక అది 8537 10. దాని ఆజ్ఞతో తెరుచుకునే 33 కేవీ బ్రేకర్లు ఉన్న స్విచ్‌గేర్ పానల్ మాత్రం 8537 20.

ఒక కంటైనర్ విప్పి చూద్దాం

ఒక సోలార్ ప్లాంటుకు కంటైనర్ వచ్చిందనుకుందాం. ప్యాకింగ్ లిస్టులో ఆరు వరుసలున్నాయి, అన్నిటికీ సరఫరాదారు ఎలక్ట్రికల్ ప్యానల్ అని ఒకే పేరు రాసి ఒకే కోడ్ వేశాడు. మీరు డ్రాయింగులు తెప్పించుకుని చూశారు.

1. ఫ్యూజులు, ఐసోలేటర్, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న 1500 వోల్టుల డీసీ కంబైనర్ బాక్సులు: 8537 20.

2. బ్రేకర్లతో సహా వచ్చిన ఇన్వర్టర్ క్యాబినెట్లు: 8504 40.

3. పరికరాలు లేని ఖాళీ క్యాబినెట్లు: 8538 10.

4. స్పేరుగా తెచ్చిన ఒక్క 33 కేవీ వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్: 8535 21.

5. 110 వోల్టుల డీసీతో నడిచే కంట్రోల్ అండ్ రిలే పానల్: 8537 10.

6. విడి పెట్టెలో వచ్చిన ఎనర్జీ మీటర్లు: 9028 30.

ఒకే పేరుతో వచ్చిన ఆరు వరుసలకు ఆరు కోడ్‌లు తేలాయి. మీరు చేసిందల్లా నాలుగు ప్రశ్నల్ని ఒక్కో వరుస ముందు నిలబెట్టడమే.

ఇంత శ్రమ లేకుండా ప్రాజెక్టు మొత్తాన్ని ఒకే కోడ్‌లో తేవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. 9801 హెడింగు, 1986 నాటి ప్రాజెక్టు దిగుమతుల నిబంధనలు అందుకే ఉన్నాయి. ముందుగా కాంట్రాక్టును కస్టమ్స్‌లో నమోదు చేసుకోవాలి. అయితే 2022 అక్టోబరులో చేసిన సవరణ సౌర విద్యుత్ ప్రాజెక్టులను ఆ వెసులుబాటు నుంచి తప్పించింది. పాత ఫైలు చూసి కొత్త సరుకు తెప్పించేవారు ఇలాంటి చోటే దెబ్బతింటారు.

డబ్బు, చట్టం

కోడ్ మారితే సుంకం మారుతుంది. 2021 ఫిబ్రవరి బడ్జెట్లో సోలార్ ఇన్వర్టర్ల మీద మూల సుంకాన్ని 5 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. పది లక్షల రూపాయల సరుకు మీద 50 వేలుండే సుంకం రెండు లక్షలైంది. అలాంటప్పుడు ఇన్వర్టర్‌ను కంట్రోల్ పానల్ అని రాస్తే పోలా అన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆ సలహా ఇచ్చినవారి పేరు కాగితం మీద ఉండదు, సంతకం మాత్రం మీది.

2011 నుంచి మన దేశంలో దిగుమతిదారే స్వయంగా సుంకం లెక్కగట్టుకోవాలి. 1962 నాటి కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ ఆ బాధ్యతను మన మీద పెట్టింది. తక్కువ కట్టామని తేలితే 28వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా నోటీసు రావచ్చు. కావాలని దాచామనో తప్పు చెప్పామనో తేలితే ఐదేళ్ల దాకా వెనక్కి వెళ్తారు. అప్పుడు వడ్డీతో పాటు సుంకమంత జరిమానా కూడా పడుతుంది. తెలియక చేసిన తప్పుకూ తెలిసి చేసిన తప్పుకూ మధ్య గోడ ఏమిటంటే, ఆ రోజు మీరు రాసిపెట్టుకున్న కారణమే.

కోడ్ తేలాక రాయితీ చూడాలి. ఈ రెండు మెట్లనూ కలిపేయకండి. పాత సెంట్రల్ ఎక్సైజ్ మినహాయింపు జాబితాల్లో గాలిమరల విడిభాగాలతో పాటు విండ్ టర్బైన్ కంట్రోలర్‌ను పేరుపెట్టి చేర్చారు. అలాంటి రాయితీ వాడకాన్ని బట్టి దక్కుతుంది. రాయితీ దక్కినంత మాత్రాన వస్తువు కోడ్ మారదు, కోడ్ మారనంత మాత్రాన రాయితీ పోదు. ఏ నోటిఫికేషన్ ఈరోజు అమల్లో ఉందో కస్టమ్స్‌ను నడిపే కేంద్ర బోర్డు సీబీఐసీ వెబ్‌సైటులో చూశాకే వాడాలి.

కొరియా సరుకుకు ఇంకో మెట్టుంది. భారత్–కొరియా ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని కింద సుంకం తగ్గాలంటే ఆ దేశంలోనే తయారైందన్న ధ్రువపత్రం కావాలి. అందులో వేసిన కోడ్‌కూ, మనం కస్టమ్స్‌కు దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీలో వేసిన కోడ్‌కూ పొత్తు కుదరకపోతే ప్రశ్నలు మొదలవుతాయి. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, వస్తువు అక్కడ ఎలా తయారైందో చెప్పే సమాచారం దిగుమతిదారు దగ్గర కూడా ఉండాలి. కాబట్టి కోడ్ గురించి కొరియా సరఫరాదారుతో మాట్లాడవలసింది సరుకు ఓడ ఎక్కకముందే.

బ్రోకర్‌కు ఏం పంపాలి?

కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు నుంచి ఇలాంటి ఫోను తప్పక వస్తుంది.

"అన్నా, ఇన్వాయిస్‌లో కంట్రోల్ యూనిట్ అని ఒకటే ముక్క ఉంది. లోపలేముందో చెప్పండి, లేకుంటే ఆఫీసర్ క్వెరీ వేస్తాడు."

"మెషీన్‌దే లేప్పా, ఏదో ఒకటి వేసేయ్."

ఈ రెండో మాట మీ నోటి నుంచి రాకూడదు. ఆర్డరు పెట్టేటప్పుడే సరఫరాదారును ఐదు కాగితాలు అడగండి: సింగిల్ లైన్ డయాగ్రమ్, లోపలి పరికరాల జాబితా, నేమ్‌ప్లేటు ఫొటో, తలుపు తెరిచి తీసిన ఫొటో, కేటలాగు. వాటిని చూసి ఇన్వాయిస్ వివరణను సరిచేయించండి. కంట్రోల్ యూనిట్ అని వదిలేయకుండా ఇలా ఉండాలి: లో వోల్టేజి మోటార్ కంట్రోల్ పానల్, 415 వోల్టులు, సర్క్యూట్ బ్రేకర్లు, కాంటాక్టర్లు, రిలేలు అమర్చినది. చదివిన అధికారికి హెడింగు తనంతట తానే గుర్తుకు రావాలి.

తర్వాత అర పేజీ నోటు రాసి ఫైల్లో పెట్టండి. వస్తువేమిటి, ఏ హెడింగులు పరిశీలించారు, దేన్ని ఎందుకు వదిలేశారు, దేన్ని ఏ నోటు ప్రకారం ఎంచుకున్నారు. కింద తేదీ, పేరు. వదిలేసిన హెడింగు గురించి రాసిన వాక్యానికే విలువ ఎక్కువ, ఎందుకంటే రేపు నోటీసు వచ్చేది సాధారణంగా దాని పేరుతోనే.

ఇంత చేసినా తేలకపోతే దారులున్నాయి. సరుకు రాకముందే ఢిల్లీ, ముంబయిల్లో ఉన్న కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీని అడగవచ్చు. ఆ జవాబుకు అడిగినవారూ కస్టమ్స్ శాఖా కట్టుబడి ఉండాలి. చట్టమో వాస్తవాలో మారనంతవరకు అది నిర్ణీత కాలం చెల్లుతుంది. సరుకు రేవులో దిగిపోయి ఉంటే 18వ సెక్షన్ కింద తాత్కాలిక అసెస్‌మెంట్ కోరి, బాండు ఇచ్చి విడిపించుకోవచ్చు. అధికారి మీ కోడ్ మార్చితే, మీరు ఒప్పుకోనప్పుడు, కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడిగే హక్కు మీకుంది. దాని మీద 60 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లవచ్చు. ఆఫీసర్‌తో వాదన వద్దు, కాగితం చూపించండి.

ఈ వారం చేయవలసిన పని

ఒకటి. మీ చుట్టుపక్కల కరెంటు డబ్బాలు మూడు ఎంచుకోండి: పొలంలో స్టార్టర్, అపార్టుమెంటులో మీటర్ల బోర్డు, మీ ఫ్యాక్టరీలో ఏదో ఒక పానల్. తలుపు మీరు తీయకండి, ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. లోపలి పరికరాలు, వోల్టేజి, చేసే పని రాసుకుని నాలుగు ప్రశ్నలకు జవాబులు నింపండి.

రెండు. పదహారో సెక్షన్ నోట్సు, 85వ అధ్యాయం నోట్సు ప్రింటు తీసి రోజుకు ఒక్క నోటు చదవండి. చదివిన ప్రతిదానికీ మీకు తెలిసిన యంత్రాన్ని ఒకదాన్ని ఉదాహరణగా పక్కన రాయండి.

మూడు. మీ కంపెనీ పోయినేడు దాఖలు చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీల్లో 8537, 8538, 8504, 9032 ఉన్న వరుసల్ని వేరు చేయండి. ఒక్కోదానికి కారణం రాసి ఉందో లేదో చూడండి. లేనివాటికి అర పేజీ నోటు తయారుచేసి పై అధికారికి ఇవ్వండి. తప్పనిపించింది ఏదైనా దొరికితే దాచకండి. నోటీసు రాకముందే తేడా సుంకం, వడ్డీ తమంతట తాము కట్టినవారి పట్ల చట్టం మెత్తగానే ఉంటుంది.

ఈ మూడూ చేశాక మీ పై అధికారి ఇకమీదట కొత్త ఇన్వాయిస్ రాగానే ముందు మీ బల్ల మీద పెడతారు. జీతం పెంపు గురించి అడగడానికి అదే సరైన సమయం.